నూటికి నాలుగు



సంతానము లేని యింట అందఱి దృష్టియు మొట్టమొదట కోడలిమీదనే పడుట మనలో నెంతకాలమునుండి వచ్చుచున్న యలవాటో చెప్పజాలను గాని, అది మన ప్రాచీనుల మతము మాత్రము కాదు. నా బడిచదువు పదవ తరగతితో ముగిసినది. తక్కిన చదువంతయు మా తండ్రిగారు వేకువజామున అరుగుమీద గూర్చుండబెట్టి చెప్పిన భారత రామాయణములును, ఆయన అలమారలోని వైద్యగ్రంథములును. ఆ గ్రంథములలో సుశ్రుతుడు గర్భోత్పత్తికి ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగింటిని చెప్పినాడు. నాలుగింటిలో నేది చెడినను అంకురము పుట్టదు. చరకుడు శుక్రమునకే యెనిమిది దోషములను వేఱుగా లెక్కించినాడు. దశరథునకు మువ్వురు పట్టపురాణు లుండియు బిడ్డలు లేకపోగా యాగదీక్ష వహించినది రాజు. కౌసల్యను గొడ్రాలని తిట్టిపోసిన మాట నేను చదివినంతలో నాకు గనబడలేదు. చేను పదిసార్లు దున్ని చూచి, విత్తనమును ఒక్కమారైనను చేతబట్టి చూడని కాపును ఏ యూరివారైనను తెలివిగలవా డందురా?

ఇట్టి విషయమును గృహిణులు చదువు పత్రికలో వ్రాయదగునా యని కొందఱికి దోచవచ్చును. గర్భిణి యేమి తినవలెనో, బాలింతరాలికి ఏ పత్యము పెట్టవలెనో వ్రాయుటకు లేని సిగ్గు దీనికి మాత్ర మెందుకో నాకు తెలియదు. మావారి యనుమతి లేనిదే నేను కలము పట్టలేదు. ఆయన యిది యంతయు చదివి, ఒకచోట కూడికను దిద్ది, తిరిగి నా చేతి కిచ్చినారు. ఆయన ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు.

మాకు పెండ్లియై ఆఱేండ్లు గడచినను సంతానము కలుగలేదు. ఆ యాఱేండ్లలో మూడేండ్లు నాకు పరీక్షలే. మాసమున కొక స్కానింగు. లెక్కకు మించిన రక్తపరీక్షలు. అండవాహికలలోనికి రంగుద్రవము నెక్కించి తీయు ఎక్సురే యొకటి. ఈ కడపటిదానిని చేయించుకొన్నవారికి దాని బాధ వర్ణింప బనిలేదు, చేయించుకొననివారికి వర్ణించి భయపెట్టను. మోపిదేవికి రెండుమార్లు పోయి వచ్చితిమి. నాగప్రతిష్ఠయు జరిగినది. నా గర్భాశయము, అండములు, వాహికలు అన్నియు చక్కగా నున్నవని తేలిన తరువాత, అనగా 2022వ సంవత్సరము ఆగస్టు మాసమున, "ఒకమారు అబ్బాయికి గూడ చేయించి చూతము" అని ఆ వైద్యశాలవారు సెలవిచ్చిరి. మూడేండ్ల తరువాత! ఆ పరీక్షకు సూది లేదు, కోత లేదు, మత్తు లేదు. కొన్ని వందల రూపాయలతో, ఒక పూటలో తీరిపోవును. పిల్లలు లేకపోవుటలో ఇంచుమించు సగము సందర్భములయందు పురుషునివైపు గూడ కారణ ముండునని వైద్యులందఱికిని తెలిసియుండగా ఈ క్రమ మేల తలక్రిందులైనదో వారినే యడుగవలెను.

మఱునాడు ఫలితము మావారి సెల్‌ఫోనునకే వచ్చినది. ద్రవము 3 మిల్లీలీటర్లు. మిల్లీలీటరునకు శుక్రకణములు 4 కోట్లు. చలించునవి నూటికి 48. ఇవి యన్నియు నల్లని యక్షరములలో నుండెను. చివరి వరుస మాత్రము ఎఱ్ఱని యక్షరములలో: సరియైన ఆకృతి గలవి నూటికి 2. దాని క్రింద "టెరటోజూస్పెర్మియా" అను పదము. ఆ పదము యొక్క వ్యుత్పత్తి వెదకి చూడగా, గ్రీకు భాషలో "టెరస్" అనగా వికృతాకారము గల భూతమని తెలిసినది. కడుపునకు దెలియని రోగములకు నోటికి దిరుగని పేర్లు పెట్టుట వైద్యులకు వేడుక గావచ్చును గాని, ఒక మంచి మనుష్యుని పట్టుకొని అతని బీజమునకు భూతముపేరు పెట్టుట నాకు మాత్రము మర్యాదగా దోచలేదు. మావారు ఆ రాత్రి భోజనమునకు లేవలేదు. మఱుసటి వారము ఆ వైద్యశాలవారు, "ఇక్సీ తప్ప మార్గము లేదు, రెండున్నర లక్షలగును" అనిరి. మా యింట బంగారమనగా నా గొలుసును, నాలుగు గాజులును.

ఇక్కడ నాకు దెలిసినంత కొంచెము నిదానముగా చెప్పవలెను. ఏలయన ఆ యెఱ్ఱ యక్షరములను చూచి గుండె చెదరిన యిండ్లు మా యొక్క యిల్లే కాదు.

శుక్రకణమును మొదట సూక్ష్మదర్శినిలో చూచి లోకమునకు దెలిపినవాడు హాలండు దేశమున డెల్ఫ్టు నగరమునందు బట్టల వర్తకము చేసికొను లీవెన్‌హుక్కు. అది 1677వ సంవత్సరము. తరువాత 1694లో హార్టుసేకరు అనునాతడు, కణము యొక్క తలలో ఒక బుల్లి మనుష్యుడు మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నట్లు బొమ్మ గీసి చూపినాడు. ఆ బొమ్మ తప్పని ఎన్నడో తేలిపోయినది. అయినను మా అత్తగారు ఆ యెఱ్ఱ యక్షరముల సంగతి విని మొదట అడిగిన ప్రశ్న, "అమ్మాయీ, వంకర విత్తునకు వంకర బిడ్డ పుట్టునేమో?" అని. మూడువందల యేండ్లనాటి హార్టుసేకరు భయమే మా వంటయింటికి వచ్చినది.

నిజ మేమనగా, కణము ఒక బండివంటిది; దానిలో బోవు సరకు వేఱు. తల నిడుపాటి గ్రుడ్డువలె నుండును. మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో అట్టివి నాలుగైదు భాగముల పొడవు. తండ్రి యిచ్చు వారసత్వమంతయు ఆ తలలో బిగించి కట్టిన మూట. దానిమీద కుళ్లాయివలె నొక పొర. దీనిని ఆక్రోసోము అందురు. అండము పైకవచమును కరగించి లోపలికి దారి చేయు రసము ఇందులో నుండును. తల వెనుక మెడయు, నడిమి భాగమును. ఈదుటకు వలయు శక్తి ఇచ్చట పుట్టును. అటుపిమ్మట తలకు పదిరెట్లు పొడవైన తోక. తల గుండ్రమైనను, మఱీ పెద్దదైనను, చిన్నదైనను, సూదివలె సాగినను, రెండు తలలున్నను, మెడ వంగినను, తోక చుట్టుకొన్నను, పొట్టిదైనను, పరీక్షకుడు దానిని "సరికానిది" అను గడిలో వేయును. చూచుటయు సుళువు కాదు. పలకమీద పలుచగా పూసి, రంగువేసి, కనీసము 200 కణములను ఒక్కొక్కటిగా చూడవలెను. ఒకే పలకను ఇద్దఱు చూచిన రెండు లెక్కలు వచ్చుట కలదు.

వృషణములలో ఈ కణము మొదట గుండ్రని మామూలు కణమే. అది తన యొంటిమీది బరువును విడిచి, తలను బిగించుకొని, తోకను మొలపించుకొనుటకు ఇంచుమించు 74 దినములు పట్టును. ఆపైన బయటి గొట్టములలో పండుటకు మఱి రెండు వారములు. దినమునకు కోట్లకొలది తయారగు పనిలో వంకరలు రాకుండుట యెట్లు? మనుష్యజాతిలో ఈ వంకరలు తక్కిన జంతువులకంటె చాల యెక్కువ. ఎద్దును విత్తనమునకు విడుచునపుడు పశువైద్యులు నూటికి 70 కణములైనను సరియైన ఆకృతి గలవై యుండవలె నందురు. ఈ ముక్క చెప్పినపుడు మావారు చాల దినములకు నవ్విరి.

మఱి మనుష్యునకు ఎన్ని యుండవలెను? ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ఈ పరీక్షకు 1980 మొదలుకొని యొక గ్రంథమును వెలువరించుచున్నారు. 1987లో నూటికి 50 అనిరి. 1992లో 30 అనిరి. 2010లో 4 అనిరి. 2021లో వచ్చిన ఆఱవ ముద్రణలోను 4 యే. ఈ యంకెలను వరుసగా జూచినవారికి పురుషలోకమంతయు నలువదేండ్లలో నాశనమైనదని తోచును. కాని ముఖ్యముగా మాఱినది కొలబద్ద. 1986లో దక్షిణాఫ్రికావైద్యుడు క్రూగరును, ఆతని తోడివారును, అణుమాత్రము వంకర యున్నను సరికానిదిగానే లెక్కింపవలెనని కఠినమైన నియమము పెట్టిరి. ఆ నియమము లోకమంతట వ్యాపించుకొలది అంకె దిగుచు వచ్చినది. సోలతో కొలిచిన బియ్యమును మానికతో కొలిచి "తగ్గినది" అని యేడ్చిన ట్లగును.

ఆ 4 అను సంఖ్య యెట్లు వచ్చినదో మావారే తెలిసికొని నాకు చెప్పిరి. ఆయన మూడు దినములు ఆ గ్రంథమునే చదివిరి. అన్నము తినుట ఆ మూడవ నాటనే మఱల మొదలైనది. "మనవాళ్లు దీనిని పదవ తరగతిలో 35 మార్కులవంటిదను కొనుచున్నారు. దానికి తక్కువైన తప్పినట్లు. అది కానే కాదు. పండ్రెండు మాసములలోపల భార్యలకు గర్భము నిలిచిన పురుషులను మాత్రమే యేరి, వారి సంఖ్యలను ఎక్కువనుండి తక్కువకు వరుస పెట్టినారు. నూటికి అట్టడుగున నున్న అయిదుగురిని విడదీయు గీత 4 దగ్గఱ పడినది. అనగా ఆ గీతకు క్రింద నున్నవారును తండ్రులే! అందఱును ఉత్తీర్ణులైన తరగతిలో అడుగున నిలిచిన పిల్లవానిని తప్పినాడందువా?" అని ఆయన పలకమీద గీసి చూపిరి. పిదప ఇంకొక లెక్క వేసిరి. మిల్లీలీటరునకు 4 కోట్లు, మూడు మిల్లీలీటర్లకు 12 కోట్లు. నూటికి రెండు చొప్పున సరియైన యాకృతి గలవి 24 లక్షలు. అండమునకు గావలసినది ఒకటి. అందఱును అండమువఱకు బోరనుట నిజమే. అయినను గర్భాశయ ముఖమున నుండు జిగట ద్రవము తానే వడకట్టి, వంకరవానిని పెక్కింటిని వెలుపలనే నిలుపునట. మన దేహములోనే యొక జల్లెడ యున్నది.

కాబట్టి ఈ యొక్క యంకెను బట్టి దంపతులకు బిడ్డలు కలుగుదురనిగాని, కలుగరనిగాని ఎవరును చెప్పజాలరు. సంఖ్య, చలనము, ఆకృతి యను మూడును కలసి తగ్గినపుడు అది వేఱు సంగతి. అప్పుడు జాగు చేయరాదు. తక్కినవి చక్కగా నుండి ఆకృతి యొక్కటియే తగ్గినపుడు, భార్య వయస్సు ముప్పది అయిదునకు లోబడినదైనచో, కొంతకాలము వేచియుండుటకు అవకాశము గలదు. వయస్సు మించినచో ఆ వేచియుండుటయే హాని యగును. ఈ భేదమును మాకు విడమరచి చెప్పినది గుంటూరులో మేము రెండవమారు చూపించుకొన్న వృద్ధవైద్యురాలు. ఆమె మావారిని మొదట అడిగినది, "బాబూ, ఈ మధ్య జ్వరమేమైన వచ్చినదా?" అని. జూన్ మాసమున డెంగ్యూ జ్వరముతో ఆయన పదిదినములు మంచము పట్టియుండిరి. మొదటి వైద్యశాలలో ఆ ప్రశ్న నెవరును వేయలేదు. తీవ్రజ్వరము తగిలిన తరువాత రెండు మూడు మాసములవఱకు కణముల సంఖ్యయు రూపమును చెడుట సహజమట. వృషణములు దేహముకంటె రెండు మూడు డిగ్రీలు చల్లగా నుండవలెననియే గదా సృష్టికర్త వానిని లోపల దాచక వెలుపల వ్రేలాడగట్టినాడు.

మా అత్తగారి ప్రశ్నకు గూడ ఆమెయే సమాధానము చెప్పినది: తల ఆకారమునకును, లోపలి మూటకును సూటి సంబంధము లేదు; వంకర కణములు ఎక్కువగా నున్న తండ్రులకు వంకర బిడ్డలు పుట్టుదురని నిరూపణ కాలేదు. అయితే రెండు మూడు అరుదైన విషయములు వేఱుగా నున్నవి. కణములన్నియు ఒకే తీరుగా, కుళ్లాయి లేక గుండ్రని తలలతో నుండుట యొకటి. అన్నియు పెద్ద తలలతో, పెక్కు తోకలతో నుండుట మఱొకటి. ఇవి జన్యువులలోని లోపముచే వచ్చును. రెండవదానిలో లోపలి మూటయే లెక్క తప్పియుండును గనుక, అట్టివారు జన్యువైద్యుల సలహా లేక అడుగు వేయరాదు. మావారివి అట్టివి కావు.

కారణములలో జ్వరము గాక, వృషణముల సిరలు ఉబ్బు వేరికోసీల్ అను వ్యాధి ముఖ్యము. పురుషులలో నూటికి పదునైదుగురికి ఇది యుండును. అందఱికిని హాని చేయదు. వైద్యుడు చేతితో తడిమి చూచినచో తెలియును, కాని చేతితో తడిమి చూచు వైద్యు లిప్పుడు తగ్గినారు. చుట్ట, బీడి, సిగరెట్టు, మద్యము, పొయ్యి సెగయొద్ద కొలువు ఇవియు చెఱపు చేయును. కండలకై వ్యాయామశాలలలో కుఱ్ఱవాండ్రు పొడిపించుకొను హార్మోను సూదులు కణముల పుట్టుకనే ఆపివేయును. పెండ్లికాని తమ్ములును కొడుకులును ఉన్న సోదరీమణులు ఈ మాటను ఒకమారు వారి చెవిని వేయుడు. పురుగుమందుల సంగతియు నున్నది. 1977లో కాలిఫోర్నియాలోని యొక కర్మాగారమున డి.బి.సి.పి. అను మందును తయారుచేయు పనివారు, తమలో పెక్కుమందికి బిడ్డలు కలుగకుండుటను ఒకరితో నొకరు చెప్పుకొనిన మీదటనే పరీక్షలు జరిగి, ఆ మందు శుక్రకణములను నశింపజేయుచున్నదని బయటపడినది. ఒకరికొకరు చెప్పుకొనకున్నచో ఎవరికి వారు తమ తలవ్రాత యనుకొని యూరకుండెడివారు. పెక్కుమందియందు ఏ కారణమును కనబడదు, అదియు చెప్పవలసినదే.

మందులమాట కొంచెము కఠినముగనే చెప్పెదను. పౌరుషమును పెంచు చూర్ణములు, విటమిన్ గుళికలు, జింకు బిళ్లలు అంగడినిండ నున్నవి. మా అత్తగారి తమ్ముడు ఒక సీసా తెచ్చి యిచ్చినాడు. అందులో పాదరసమున్నదో మఱేమున్నదో యెవరికి తెలియును! అమెరికాలో 2,370 మంది దంపతులపై ఫోలిక్ ఆమ్లమును జింకును ప్రయోగించి చూచిన ఫలితమును 2020లో ప్రకటించిరి. ఆఱు మాసములు మందు తిన్న పురుషుల యిండ్లలో, ఉత్తుత్తి బిళ్లలు తిన్నవారి యిండ్లలోకంటె ఎక్కువమంది బిడ్డలు పుట్టలేదు. ఆ సీసా మా పెరటిలో మట్టిపా లైనది.

ఇక్సీని నేను నిందింపను. 1992లో బ్రస్సెల్సు వైద్యులు దానిని లోకమునకు దెలిపినది మొదలు, కుళ్లాయి లేని కణమునకు, ఈదలేని కణమునకు గూడ అండములోనికి దారి దొరికినది. ఒకే కణమును సన్నని గాజుసూదితో అండములోపల విడుతురు. దానిచేత బిడ్డల నెత్తుకొన్న తల్లులు మా వీధిలోనే ఇద్దఱున్నారు. వారిలో నొకరి భర్తకు ఆకృతి నూటికి 6 అని వచ్చియు బిడ్డలు కలుగక, ఇక్సీచేతనే ఫలించినది. కావలసినవారికి అది వరమే. అవసరము తేలకమునుపే ఎఱ్ఱ యక్షరములు చూపి గొలుసును గాజులను అడుగుట మాత్రము వైద్యము కాదు. 2021 నాటి చట్టముచే ఇట్టి చికిత్సాలయములు ప్రభుత్వమున నమోదై యుండవలెను. నమోదు పత్రము చూపుమని యడుగుటకు మనము మొగమాట పడనక్కఱ లేదు.

మావారు డిసెంబరులో రెండు వేఱువేఱు ప్రయోగశాలలలో మఱల పరీక్ష చేయించుకొనిరి. ఒకచోట 3, ఒకచోట 5 వచ్చినది. అదే మనుష్యుడు, అదే మాసము. వైద్యురాలు రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి, "ఇంక ఈ లెక్కలు కట్టిపెట్టి ఇంటికి పొండి, ఏడాదివఱకు చూచి రండు" అనినది. నాకప్పుడు ముప్పది యొకటి. వేచియుండుట మందు మ్రింగుటకంటె కష్టమైన పని. నెలనెల ఆ దినము వచ్చునపుడు ఇంటిలో నెవరును ఎవరి మొగము చూడక తిరుగుట మీలో కొందఱికి తెలియును. ఎనిమిదవ మాసమున వైద్యురాలియొద్దకు ఏడాది కాకమునుపే పోవలసివచ్చినది. మా చిన్నదానికి ఇప్పుడు రెండవ యేడు. దాని చేతికి అందని పుస్తకము మా యింట లేదు. ఆ 3 గాని, 5 గాని, వేచియుండుట గాని దానిని తెచ్చినవని నేను చెప్పజాలను. మొదటి 2 తోనే వచ్చియుండునేమో!

మా అత్తగారి పుట్టినింటివారి కోడలికి నాలుగేండ్లుగా సంతానము లేదు. మొన్న సంక్రాంతికి వచ్చిన తన వదినగారితో మా అత్తగారు, "పిల్లను స్కానింగులకు త్రిప్పుచుండిరట, నీ కొడుకును చూపించితివా?" అని అడుగగా, ఆమె చేతిలోని అరిసె పళ్లెములోనే పెట్టివేసినది. ఆ కుఱ్ఱవాడు తరువాత మావారికి మాత్రము ఫోను చేసి, ఏమి చేయవలెనని అడిగినాడట.

మావారు చెప్పినది యిది. పరీక్షకు ముందు రెండు దినములకు తక్కువ గాకుండ, ఏడు దినములకు మించకుండ బ్రహ్మచర్యము పాటింపవలెను. ద్రవము సీసాలో పూర్తిగా పడవలెను. కొంత నేలపాలైనచో దాచక చెప్పవలెను. ఇంటినుండి తెచ్చునెడల ఒంటి వెచ్చదనమున నుంచి గంటలోపల చేర్చవలెను. గడచిన మూడు మాసములలో జ్వరము వచ్చెనా, ఏ మందులు తినెనో కాగితముమీద వ్రాసి యీయవలెను. ఒక్క పరీక్షను నమ్మక, కొన్ని వారములు గడచిన పిమ్మట రెండవది చేయించవలెను. ఫలితము వచ్చినపుడు ఎఱ్ఱ యక్షరములకు ముందు నల్లని యక్షరములను చదువవలెను.